తమ్ముడి రిపోర్టులో నా కంపెనీ వాటా ఎంత?

ప్రశ్న: ఓ సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. సారాంశం ఇది. ఆమెకు 36 ఏళ్లు. బర్గర్లు, ఫ్రైలు అమ్మే ఓ పెద్ద చెయిన్ సంస్థలో కాంబోలు రూపొందించే విభాగంలో పనిచేస్తున్నారు. తమ్ముడికి 31. రాత్రి 11 దాకా షిఫ్టు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఈ మధ్య పరీక్షలు చేయిస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం) అని తేలింది. రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2 వచ్చింది. వారంలో నాలుగైదు రాత్రులు లార్జ్ కాంబోయే భోజనమని డాక్టర్‌కి చెప్పాడట. ఇంటికొచ్చాక అందరి ముందూ, "అక్కా, మీ కంపెనీవాళ్లే నన్ను ఇలా చేశారు. మీ మీద కేసు వెయ్యాలి" అన్నాడు. ఈమెకు ఒళ్లు మండి, "నీ నోట్లో ఎవరైనా కుక్కారా?" అనేశారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అమ్మగారేమో "వాడికి మొదటినుంచీ నోటి కట్టడి లేదు" అంటూ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. తండ్రి లేరు. ఇంటి ఖర్చులో సగం ఈమె జీతంతోనే నడుస్తోంది.

"రాత్రి పదిన్నరకు యాప్ నుంచి వెళ్లే నోటిఫికేషన్ మా టీమ్ రాసిందే. అది వాడి ఫోన్లోనూ మోగి ఉంటుంది. ఇప్పుడు దాని కొత్త క్యాంపెయిన్ కూడా నా చేతిలోనే ఉంది. తప్పు వాడిదా, మాదా? ఉద్యోగం మానెయ్యాలా? వాడితో మళ్లీ ఎలా మాట్లాడాలి?" అని అడిగారు. ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఓ వాక్యం ఉంది: "స్టాఫ్‌కి ఇచ్చే డిస్కౌంట్ కూపన్లు నెలనెలా వాడికే ఇచ్చేదాన్ని."

జవాబు: ఆ చివరి వాక్యం దగ్గరకు తప్పకుండా వస్తాను. ముందు మీ మొదటి ప్రశ్న చూద్దాం.

'తప్పు ఎవరిది' అని మీరు అడిగిన తీరులో, ఒకరికి ఎంత పడితే రెండోవాళ్లకి అంత తగ్గుతుందన్న ఊహ ఉంది. కంపెనీది 70 శాతమైతే తమ్ముడిది 30 అన్నట్టు. మీ ఇంట్లో గొడవంతా ఆ ఊహ మీదే నడుస్తోంది. మీ తమ్ముడు కంపెనీ వాటా పెంచి తనది తగ్గించుకోవాలని చూస్తున్నాడు. అమ్మగారు మొత్తం వాడి మీదే వేస్తున్నారు. మీరు పొద్దున ఒకవైపు, రాత్రి ఇంకోవైపు ఉంటున్నారు. నిజానికి ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఇదంతా ఇలా ఎందుకైందన్నది ఒకటి. రేపు రాత్రి 11 గంటలకు ఎవరు ఏం చెయ్యగలరన్నది రెండోది. మొదటిదానికి జవాబు కంపెనీ వైపు ఎంత మొగ్గినా, రెండోదానికి జవాబు మారదు.

మొదటిదాంట్లో మీ తమ్ముడు అన్నది వట్టి సాకు కాదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి ఒక ప్రయోగం చేసింది. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, మరో రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టారు. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత తింటారన్నది వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. సగటున 0.9 కిలో బరువు పెరిగారు. రెండో తిండి మీద అంతే తగ్గారు. వాళ్లే మనుషులు, వాళ్లదే మనోబలం. మారింది పళ్లెంలో ఉన్నదే. దానికో కారణం తినే వేగం అయ్యుండొచ్చని పరిశోధకులు అన్నారు. మెత్తటి బన్ను, మెత్తటి ప్యాటీ పెద్దగా నమలకుండానే దిగిపోతాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకి అందేలోపు పొట్లం ఖాళీ అవుతుంది.

ఇక కాంబో సంగతి మీకు నేను చెప్పాలా? బర్గర్ ఒక్కటే కొంటే ఇంత, దానికి ఇంకాస్త కలిపితే ఫ్రైలూ డ్రింకూ వస్తాయి అన్నప్పుడు, బర్గర్ ఒక్కటే తీసుకున్నవాడు నష్టపోయినట్టు కనిపిస్తాడు. మూడు సైజులు పెడితే ఎక్కువమంది చెయ్యి మధ్యదాని మీదకే వెళ్తుంది. కాబట్టి 'మీడియం' పెరిగితే అందరి ఆకలీ పెరుగుతుంది. డ్రింకు తయారీకి అయ్యే ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. అందుకే అది కాంబోలో అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది. స్క్రీన్ మీద 'లార్జ్ చేయమంటారా' అన్న చోట 'అవును' బటన్ మెరుస్తుంది, 'వద్దు' బూడిద రంగులో ఓ మూల ఉంటుంది. వీటిలో ఏదీ ఎవరి నోట్లోనూ కుక్కడం కాదు. కానీ అలసిపోయిన మనిషి రాత్రి 11 గంటలకు ఏ బటన్ నొక్కుతాడో ముందే తెలిసి చేసిన పని. 'ఎంపిక కస్టమర్‌దే' అని మీ పరిశ్రమ అనే మాట అర్థసత్యం. ఆ ఎంపిక ఎటు ఒరగాలో నిర్ణయించే పనికి మీకు జీతం ఇస్తున్నారు కదా.

కేసు విషయం కోపంలో అన్నదే అయినా, వాడు నిజంగా ఆలోచిస్తుంటే ఇది తెలియాలి. 2002లో న్యూయార్క్‌లో ఇద్దరు టీనేజ్ అమ్మాయిల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద ఇలాంటి కేసే వేశారు. 2003 జనవరిలో జడ్జి రాబర్ట్ స్వీట్ దాన్ని కొట్టేశారు. ఇలాంటి తిండి మితిమీరి తింటే ఏమవుతుందో మామూలు మనిషికి తెలిసిందేననీ, తెలిసి తిన్నాక కంపెనీని అనడం కుదరదనీ ఆయన వాదన. విశేషమేంటంటే, అదే తీర్పులో ఆయన చికెన్ నగ్గెట్ల మీద చురక వేశారు. ఇంటి వంటగదిలో ఎవరూ వాడని రకరకాల పదార్థాల కలబోత అవి అన్నారు. అంటే, కొనేవాడికి తెలియనిది లోపల ఏదైనా ఉంటే సంగతి వేరు అని తలుపు ఓరగా తెరిచి ఉంచారు. 2005లో అప్పీలు కోర్టు ప్రకటనల మోసానికి సంబంధించిన కొంత భాగాన్ని తిరిగి బతికించింది. చివరికి 2010లో, అందరి తరఫునా ఒకే కేసుగా నడపడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఒక్కో మనిషి బరువుకి వెనక ఒక్కో రకం కారణాలుంటాయి కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టలేమంది. ఎనిమిదేళ్లు గడిచాక పరిస్థితి అది. మీ తమ్ముడి విషయంలోనూ చిక్కు అక్కడే. నిద్ర, షిఫ్టు, కదలిక, వంశం, మిగతా తిండి ఇన్నిట్లోంచి కాంబో వాటా విడదీసి రుజువు చెయ్యడం దాదాపు అసాధ్యం.

కంపెనీల బాధ్యతను నిజంగా పట్టుకున్నవి ఎక్కువగా చట్టాలే. నూనెల్లోని ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకు చేటు చేసే ఒక రకం కొవ్వు) కంటికి కనబడదు, నాలుకకి తెలియదు. ఎంత జాగ్రత్తపరుడైనా తప్పించుకోలేడు. 2003లో డెన్మార్క్ దానికి నూరు గ్రాముల కొవ్వులో 2 గ్రాముల పరిమితి పెట్టింది. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, అంతకు మించి చక్కెర ఉన్న శీతల పానీయాల మీద సుంకం వేస్తే, అది అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. తాగేవాడు ఏమీ చెయ్యనక్కర్లేకుండానే గ్లాసులో చక్కెర తగ్గింది. మీ తమ్ముడి కోపానికి ఎక్కడికైనా వెళ్లాలని ఉంటే ఇటు వెళ్లడం మేలు. కోర్టు వల్లా చట్టం వల్లా రేపటికి వాడి కాలేయం మాత్రం బాగుపడదు.

ఇప్పుడు కూపన్ల మాట. నోటిఫికేషన్ రాసినందుకు మీరు పడుతున్న బాధ పెద్దది. కానీ ఆ పనిలో మీ పైవాళ్లు, అమ్మకాల విభాగం, యాప్ చేసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కూపన్లు మాత్రం మీరొక్కరే మీ చేత్తో ఇచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు, ఉచితంగా వచ్చినవి పారెయ్యడం దేనికనీ ఇచ్చి ఉంటారు. దీన్ని పెద్ద నేరంగా చేసుకోవద్దు. మీరు అనుమతి ఎవరినీ అడగక్కర్లేకుండా ఈ రోజే ఆపగలిగేది ఇదొక్కటే కాబట్టి దీన్ని విడిగా చెబుతున్నాను. ఆపినట్టు వాడికి చెప్పే ఆపండి. చెప్పకుండా ఆపితే, 'జబ్బు రాగానే అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది' అనుకుంటాడు.

మాట్లాడటం అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. అందరూ ఉన్నప్పుడు వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు. "ఆ రోజు నేనన్న మాట తప్పు. నువ్వన్న దాంట్లో నిజముంది. కూపన్లు ఇక ఇవ్వను. ఆ యాప్ ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు, కావాలంటే చూపిస్తా" అంటే చాలు. 'కానీ నువ్వు కూడా' అని వెంటనే తగిలించకండి. ఆ 'కానీ' దగ్గర ముందన్నదంతా చెరిగిపోతుంది. వాడి వంతు గురించి వాడు అడిగినప్పుడు మాట్లాడొచ్చు.

చూపిస్తాననడం ఊరికే అన్నది కాదు. డైటీషియన్ దగ్గర దొరకనిది మీ దగ్గర ఉంది. వాడి ఫోన్‌లో పాత ఆర్డర్ల పేజీ తెరిచి, ఏ టైముకి చేశాడో వరసగా చూడండి. రోజూ 10:40కీ 11:10కీ మధ్యే ఉంటే, ఆకలి కంటే అలవాటు పని చేస్తోందని వాడికే కనిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు పనులు, అరగంట కూడా పట్టదు. యాప్ నోటిఫికేషన్లు ఆపెయ్యండి. ఆఫర్ల మెసేజ్‌లకూ మెయిల్స్‌కూ ఇచ్చిన అనుమతి తీసెయ్యండి. దాచి ఉంచిన కార్డు వివరాలు చెరిపెయ్యండి. 'మళ్లీ ఇదే ఆర్డర్' అని కనబడే జాబితా చెరిపే వీలుంటే చెరపండి, లేకపోతే యాప్ తీసెయ్యండి. ప్రతిసారీ కార్డు నంబరు 16 అంకెలూ కొట్టాల్సొస్తే చాలా ఆర్డర్లు అక్కడే ఆగుతాయని మీ టీమ్‌కి తెలుసు. అందుకేగా అసలు దాన్ని సేవ్ చేయించేది.

తిండి సంగతికొస్తే, మొదటి రోజే అన్నీ మానేస్తానంటాడు. మాననివ్వకండి. నాలుగు రోజులు పళ్లు బిగపట్టి, వారాంతంలో రెండు లార్జ్‌లు తిని, 'నా వల్ల కాదు' అని చేతులెత్తేసేది ఇలాంటివాళ్లే. మొదట డ్రింకు తియ్యండి. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. అర లీటరు తాగితే 50 గ్రాములు దాటిపోతుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అదనపు చక్కెర 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న హద్దు ఒక్క కప్పుతోనే అయిపోయింది. (కప్పులో ఐసు ఎక్కువుంటే ఆ మేరకు తగ్గుతుంది. 'ఐసు వద్దు' అనేవాళ్లకి చక్కెర ఎక్కువ పడుతుంది.) దాని చోట నీళ్లు. మొదట్లో ఉండలేకపోతే చక్కెర లేని రకం, కొన్నాళ్లపాటు.

రెండు మూడు వారాలయ్యాక ఫ్రైలు. బర్గర్ 500 కేలరీలు, మీడియం ఫ్రైలు 350, మీడియం కోలా 200 అని ఉజ్జాయింపుగా అనుకుంటే, బర్గర్‌ని ముట్టుకోకుండానే సగానికి పైగా పోతుంది. వాడికి ఇష్టమైనది బర్గరే అయితే దాన్ని ఉంచండి. మయోనీజ్ వద్దంటే ప్రతి టేబుల్‌స్పూనుకీ 90 కేలరీల దాకా తగ్గుతాయి. కాంబో బటన్ జోలికి వెళ్లకుండా బర్గర్‌ని విడిగా ఆర్డర్ చెయ్యాలి. డబ్బులు పెద్దగా మిగలవు, మిగలకుండానే ఆ ధర పెట్టారు మరి. నష్టపోయినట్టు అనిపించినా ఫర్వాలేదనుకోమనండి.

రాత్రి ఆకలి రాత్రి పుట్టింది కాదు. మధ్యాహ్నం తగ్గించి తిని, సాయంత్రం ఏమీ లేకుండా 11 దాకా ఉంటే ఎవరికైనా అంతే. ఏడు గంటల ప్రాంతంలో బ్రేక్ ఉంటే రెండు గుడ్లో, పెరుగూ పండో తినాలి. అసలు భోజనం అప్పుడే అయితే ఇంకా మంచిది. ఇంటికొచ్చాక తినడానికి ఫ్రిజ్‌లో వండినది సిద్ధంగా ఉండాలి. 'వండుకోవచ్చు' అన్నది 11 గంటలకు పనిచెయ్యదు. వేడి చేసుకోవడమే ఎక్కువ.

ఎంత తగ్గాలి? హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కి ముందు దశ అంటారు. 6.5 నుంచి షుగర్. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్‌లోకి జారడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం. మీ తమ్ముడికి 7 శాతమంటే 7 కిలోల పైచిలుకు. ఫ్యాటీ లివర్‌కి కూడా 7 నుంచి 10 శాతం తగ్గితే గుణం కనిపిస్తుంది. వారానికి అరకిలో చొప్పున నాలుగు నెలల పని అది. మనిషి సన్నబడాల్సిన పనేమీ లేదు. 97 కిలోల దగ్గర కూడా చూసేవాళ్లకి లావుగానే ఉంటాడు, రిపోర్టు మాత్రం మారుతుంది. ఇది అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే 'ఏం తగ్గాడు వీడు' అంటారు. హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించడానికి మూడు నెలలు ఆగండి. అది దాదాపు అన్ని రోజుల సగటు. ముందే చేయిస్తే పాత తిండి లెక్కే కనబడి నీరసపడతాడు. మందు తాగే అలవాటుంటే కాలేయం సంగతి వేరు, అది డాక్టర్ దగ్గర దాచకూడదు.

అమ్మగారి మాటలు ఆపించాలి. అందరి ముందూ నోటి కట్టడి లేదనిపించుకున్నవాడు తినడం మానడు, కనబడకుండా తింటాడు. కారులో తిని, కవరు బయట పారేసి, ఇంటికొచ్చి మళ్లీ భోంచేస్తాడు. ఆవిణ్ని తప్పుపట్టకుండా ఒక పని అప్పగించండి: రాత్రికి డబ్బాలో వండి పెట్టడం, డబ్బా ఖాళీ అయిందా లేదా అని మాత్రం అడక్కపోవడం. రెండోదే ఆవిడకు కష్టం.

ఇక మీ ఉద్యోగం. ఇంటి ఖర్చులో సగం మీదే కాబట్టి కోపంలో రాజీనామా వద్దు. ఏమీ మార్చకుండా కొన్నాళ్లు ఉండిపోవడమూ ఒక దారే. జీతం అవసరమైనవాళ్లు చేసే పని అది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ అలా ఉన్నన్నాళ్లూ ఆఫీసు మాటని ఇంట్లో తిరగవాడకండి. 'నీ నోట్లో ఎవరైనా కుక్కారా' అన్నది మీ మాటలా లేదు. మీటింగుల్లో విని విని నోటికొచ్చిన మాటలా ఉంది.

వెళ్లిపోతే మనసు తేలికపడుతుంది, మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, నోటిఫికేషన్ అదే టైముకి వెళ్తుంది. అయినా నిద్ర పట్టనంతగా ఉంటే అది చాలినంత కారణమే. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని వెతకండి. ఆస్పత్రులకూ స్కూళ్లకూ భోజనాలు సరఫరా చేసే సంస్థల్లోనూ, ఉప్పూ చక్కెరా తగ్గించే పని చేసే విభాగాల్లోనూ మీ అనుభవానికి విలువుంటుంది.

లోపల ఉండి మార్చే దారి కొంత దూరమే వెళ్తుంది, కానీ వెళ్తుంది. మెనూలో కేలరీల అంకె వేస్తే చాలంటారు కొందరు. దానివల్ల ఆర్డర్లు మారేది కొద్దిగానే. డిఫాల్ట్ మారిస్తే ఎక్కువ కదులుతుంది: కాంబోలో నీళ్లో చక్కెర లేని డ్రింకో ముందుగా టిక్ అయి ఉండటం, కోలా కావాలన్నవాళ్లు మార్చుకోవడం. ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే ఫిర్యాదులొస్తాయి. కొద్దికొద్దిగా, కొన్ని నెలల తేడాతో తగ్గిస్తే ఎక్కువమంది గమనించరు. 'ఆరోగ్యం' అని పేరు పెట్టి తీసుకెళ్తే అమ్మకాలవాళ్లు మొదటి పేజీలోనే మూసేస్తారు. కొన్ని ఔట్‌లెట్లలో ఎనిమిది వారాల ట్రయల్ అడగండి. సగటు బిల్లు, మళ్లీ వచ్చే కస్టమర్లు, ఫిర్యాదులు మూడూ కొలుద్దాం అనండి. సగటు బిల్లు తగ్గితే ఆ ప్రతిపాదన అక్కడితో ఆగుతుంది, అది తెలిసే మొదలుపెట్టండి. లోపలి డాక్యుమెంట్లు మాత్రం తమ్ముడికి గానీ ఇంకెవరికి గానీ చూపించకండి. మీ నియామక ఒప్పందంలో గోప్యత షరతు ఉండే ఉంటుంది. యాప్‌లో ఎవరికైనా కనబడేదాన్ని చూపిస్తూ వివరించడం వేరు.

వీటన్నిటికంటే ముందు మీ టేబుల్ మీదే ఉన్న పదిన్నర నోటిఫికేషన్ చూడండి. వారంలో మూడుసార్లకు మించి రాత్రిపూట ఆర్డర్ చేసినవాళ్లకి ఆ వారం అది వెళ్లకూడదని ఒక నియమం అడగండి. వాళ్లు ఎలాగూ కొనేవాళ్లే కాబట్టి కంపెనీకి పోయేది తక్కువని చెప్పొచ్చు. అడిగేది మెయిల్లో అడగండి, జవాబూ మెయిల్లోనే రప్పించుకోండి. 'ఒప్పుకోం' అని కారణంతో సహా రాతలో వస్తే, అక్కడ ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చుకోవడానికి నా సలహా కంటే అదే మీకు ఎక్కువ పనికొస్తుంది.